బరంపురం దారిలో పాత శాసనాలు చూడాలంటే ఎక్కడ ఆగాలి?

విజినారం కోడలు

అందరికీ నమస్కారం. వచ్చే నెల బరంపురంలో మా ఆడపడుచు వాళ్ళ గృహప్రవేశం. విజయనగరం నుంచి మా కారులోనే బయల్దేరుతున్నాం. నేను, మావారు, అత్తయ్యగారు, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి.

ఎప్పుడు వెళ్ళినా నాతవలస దగ్గర హైవే ఎక్కామంటే మళ్ళీ పలాసలో జీడిపప్పు కోసం బండి ఆపడమే. ఈసారి మావాడు పట్టుపట్టి కూర్చున్నాడు. సోషల్‌లో అశోకుడి శాసనాల పాఠం అయిందట. "మనది కళింగే కదా, మరి మన దగ్గర ఒక్కటీ లేదా?" అని నన్ను నిలదీశాడు. నాకు జవాబు తెలీలేదు. మావారేమో "రాళ్ళు చూడ్డానికి హైవే దిగుతారా ఎవరైనా?" అంటున్నారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, కొండలెక్కలేరు. గుడి అయితే మాత్రం ఎంత దూరమైనా సై అంటారు.

అందరికీ కుదిరేలా ఒకటి రెండు చోట్లు చెప్పండి. మాకెవరికీ పాత లిపి రాదు. వెళ్ళి గోడ వంక చూసి వచ్చేయడమేనా, ఏమైనా అర్థమవుతుందా? అది కూడా చెప్పండి.

చంపావతి గట్టు

బరంపురం దాకా ఎందుకమ్మా, మీ ఊరి పక్కనే రామతీర్థం ఉంది. గుడికి అందరూ వెళ్తారు, చుట్టూ ఉన్న కొండల సంగతి ఎవరికీ పట్టదు. గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలం నాటి శాసనం ఉంది. అంటే 1011కీ 1018కీ మధ్యన. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన గురువు ఈ రామకొండకి వచ్చి మొక్కుకున్నాడని అందులో ఉంది. అదీ కన్నడంలో! మన నెల్లిమర్ల పక్కన కన్నడ శాసనం ఏమిటని మీవాడిని అడగండి, బుర్ర గోక్కుంటాడు. కాకపోతే ఎక్కాలి. అత్తయ్యగారిని కింద రాములవారి గుడిలో కూర్చోబెట్టి మీ ముగ్గురూ వెళ్ళి రావచ్చు. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ పోయే రోజు పెట్టుకోకండి, ఏదో ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళండి.

నరసన్నపేట టాక్సీ

అమ్మా, మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను టాక్సీ నడుపుతాను. మాకొచ్చే బేరాల్లో ఎక్కువ భాగం అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం. మూడూ ఒక్క పూటలో తిప్పేయమంటారు. అప్పుడప్పుడు మాత్రం శాసనాలు చదివే మాస్టార్లు వస్తుంటారు. వాళ్ళ బేరం ఒప్పుకోవాలంటే డ్రైవరుకి ఓపిక ఉండాలి. ఒక్క స్తంభం ముందు కూర్చుంటే భోజనం వేళ కూడా గుర్తుండదు వాళ్ళకి. మొదట్లో సీటు వెనక్కి వాల్చుకొని నిద్రపోయేవాణ్ణి. తర్వాత "బాబూ, కాస్త టార్చి పట్టుకో" అని పిలవడం మొదలెట్టారు. అలా టార్చి పట్టుకుంటూనే నాకూ ఈ పిచ్చి అంటుకుంది.

నా మాట ఏమిటంటే, నాలుగు చోట్లు పెట్టుకోకండి. వెళ్ళేటప్పుడు శ్రీకూర్మం. బరంపురంలో పని అయ్యాక మర్నాడు పొద్దున్న జౌగడ, అశోకుడి శాసనాలున్న చోటు. ఒక గుడి, ఒక బండ. ఒక్కోచోట గంట తక్కువ కాకుండా ఉండండి. పావుగంటలో తిరిగొచ్చేటట్టయితే మీవారన్నదే నిజమవుతుంది.

శ్రీకూర్మం శ్రీకాకుళం టౌను నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. అత్తయ్యగారికి దర్శనం అవుతుంది, కొండెక్కే పని లేదు. గర్భాలయం చుట్టూ ఉన్న మండపంలో నల్లరాతి స్తంభాలున్నాయి చూడండి, వాటి మీదంతా రాతలే. మనం నిలబడితే సరిగ్గా కళ్ళకెదురుగా ఉంటాయి. ఎక్కువ భాగం తెలుగే. ఏడెనిమిది వందల ఏళ్ళ నాటి తెలుగు, అంతే.

ఎలా చూడాలో చెప్తాను, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. టార్చిని అక్షరాలకి ఎదురుగా కొడితే రాయి మెరుస్తుంది తప్ప ఏమీ కనబడదు. స్తంభం పక్క నుంచి, టార్చి ఇంచుమించు రాతికి ఆనుకునేట్టు పెట్టి, వెలుగు అడ్డంగా పాకేలా పట్టండి. ప్రతి గీత అంచునా సన్నని నీడ పడుతుంది. అప్పటిదాకా నున్నటి రాయిలా కనబడినచోట వరసలకు వరసలు లేచి నిలబడతాయి. మీవాడి చేతికివ్వండి ఆ టార్చి. లోపల ఫోన్లు, ఫొటోల సంగతి ముందే గుడి వాళ్ళని అడగండి. టార్చి వెలిగిస్తామని కూడా చెప్పండి, లేకపోతే ఎవరో ఒకరు కసురుకుంటారు.

ఇక చదవడం. మొత్తం చదవలేరు, అక్కర్లేదు కూడా. మూడు గుర్తులు వెతకండి. మొదట్లో "స్వస్తిశ్రీ" ఉంటుంది. దాని వెంటనే "శకవరుషంబులు" అని వచ్చి అంకెలుంటాయి. అవి తెలుగు అంకెలు, కాబట్టి ఇంట్లో పంచాంగం ముందేసుకొని మీవాడికి ౧, ౨, ౩ నేర్పి మరీ తీసుకెళ్ళండి. ఈ కాలం పిల్లలకి అవి రావు. ఆ అంకెకి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం. చివర్న చాలావాటిలో "ఈ ధర్మువు శ్రీవైష్ణవ రక్ష" అని ఉంటుంది. ఈ దానాన్ని శ్రీవైష్ణవులు కాపాడాలని అప్పగింత అన్నమాట. "ధర్మువు" దగ్గర ఆగి చూడండి. ర్మ అని ఇప్పుడు మనం రాసినట్టు ఉండదు. మ పక్కన కుడివైపు చిన్న గిలక ఉంటుంది, వలపలగిలక. మా తాత పద్యాల పుస్తకాల్లో అది చూసినవాణ్ణి కనక నాకు చప్పున దొరికింది. అత్తయ్యగారికీ తెలిసే ఉంటుంది, మీ అందరికంటే ముందు ఆవిడే పట్టేస్తారు చూడండి.

మధ్యలో ఉండేది ఎవరు ఏమిచ్చారనే లెక్క. ఎక్కువగా దీపాలే. అఖండ దీపం పెట్టాలంటే ఏటికేడాది నెయ్యి కావాలి కదా. దానికి ఇన్ని మాడలు (అప్పటి నాణేలు) ఇచ్చాం, ఇంత భూమి ఇచ్చాం, ఫలానావాళ్ళు నెయ్యి పోయాలి, సూర్యచంద్రులున్నంతకాలం సాగాలి. ఇప్పటి ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం ఇంతకంటే వేరేగా ఏమీ ఉండదు. రాజులే కాదు, మామూలు ఉద్యోగులూ ఆడవాళ్ళూ కూడా ఇచ్చారు.

ఒక్కటి మాత్రం ప్రత్యేకంగా అడిగి చూడండి. నరహరి తీర్థులవారిది. శకం 1203, అంటే 1281. మధ్వాచార్యులవారి శిష్యుడాయన. సంస్కృత శ్లోకాల్లో ఉంటుంది. ఇక్కడ యోగానంద నరసింహస్వామికి గుడి కట్టించానని చెప్తుంది. శబరులు కూర్మనాథుడి గుడి మీదికి వస్తే ఆయన కాపాడాడని కూడా ఉంది. సన్యాసి కత్తి పట్టిన కథ అని చెప్పండి మీవాడికి, పరుగెత్తుకుంటూ వస్తాడు.

జౌగడ సంగతి కాసేపట్లో రాస్తాను, బేరం వచ్చింది.

పర్లాకిమిడి వాకిలి

టాక్సీ బాబుగారు బాగా చెప్పారు గానీ ముఖలింగాన్ని పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. శాసనాలంటే ముందు ముఖలింగమే. నరసన్నపేట దగ్గర హైవే దిగి చల్లవానిపేట మీదుగా వెళ్ళండి, వంశధార ఒడ్డున ఉంటుంది. మధుకేశ్వరాలయం గోడల మీదా స్తంభాల మీదా శాసనాలు వందకి పైనే. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఇదే. ఊళ్ళోకి అడుగుపెట్టగానే రోడ్డు పక్కన సోమేశ్వరాలయం కనబడుతుంది, దానికి టిక్కెట్టూ లేదు, తోపులాటా లేదు.

ఇంకో సంగతి. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది ఆ పక్కనే, పర్వతాలపేటలో, 1863లో. మా పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఈ ముఖలింగం శాసనాలు చదవడానికి పాత లిపులన్నీ ఎవరూ నేర్పకుండా సొంతంగా నేర్చుకున్నారు. కళింగనగరం ముఖలింగమేనని వాదించి నిలబెట్టిందీ ఆయనే. ఆగస్టు 29న ఫొటోకి దండేసి ఊరుకుంటున్నాం, ఆయన కూర్చుని చదివిన గోడ ఎక్కడుందో పిల్లలకి చూపించొద్దా?

ఊరికే అడుగుతున్నా

ఒక డౌటు. జౌగడలో ఉన్నది బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. ఎవరికీ ఒక్క ముక్క రాదు. ఇనుప కటకటాల వెనకాల బండ. నెట్‌లో దీనికంటే క్లియర్‌గా ఫొటోలున్నాయి. అనువాదాలూ ఉన్నాయి. ఇంట్లో ఏసీలో కూర్చుని చదువుకోక, గృహప్రవేశం అయిన మర్నాడు నిద్ర చెడగొట్టుకొని ఎందుకండీ ఈ అవస్థ?

నరసన్నపేట టాక్సీ

వచ్చాను. పర్లాకిమిడి వారూ, ముఖలింగం మీద నాకు కోపమేమీ లేదు, మా మండలం పక్కనే. కానీ అక్కడి రాతలు చాలా వరకు శ్రీకూర్మం వాటికంటే పాతవి. అక్షరం ఇప్పటి తెలుగుకి ఇంకా దూరం. సంస్కృత శ్లోకాల్లో సంవత్సరం కూడా అంకెల్లో కాకుండా మాటల్లో చెప్తారు. గగనం అంటే సున్నా, నేత్రం అంటే రెండు, వేదం అంటే నాలుగు. పైగా కుడి నుంచి ఎడమకి లెక్కపెట్టాలి. మొదటిసారే పిల్లాడి చేత ఇదంతా చేయిస్తే విసుగుపుడుతుంది. శ్రీకూర్మంలో రుచి తగిలితే ముఖలింగానికి వాడే తీసుకెళ్ళమంటాడు. తిరుగు ప్రయాణంలో పొద్దు మిగిలితే తప్పకుండా ఆగండి.

ఇక 'ఊరికే అడుగుతున్నా' గారికి. ఫొటో చూస్తే చాలదా అన్నారు. చాలదు. ఎందుకంటే అది మనం చదువుకోవడానికి చెక్కింది కాదు.

జౌగడలో పెద్ద బండ నిలువు ముఖం మీద మూడు పలకలుగా చెక్కారు. మూడో పలకలో ఉన్నవి కళింగ కోసం అశోకుడు విడిగా వేయించిన రెండు శాసనాలు. ఇవి మామూలు జనానికి కాదు, సమాపా అనే ఊళ్ళో ఉన్న మహామాత్రులకి, అంటే పెద్ద అధికారులకి. భువనేశ్వర్ పక్కన ధౌలిలోనూ ఇవే ఉన్నాయి, అక్కడ తోసలి అధికారుల పేరు మీద. "మనుషులందరూ నా బిడ్డలే" అన్న మాట ఇందులోదే. దాని కిందే అధికారులకి చీవాట్లు. ఊరికే ఎవరినీ జైల్లో పెట్టొద్దు, హింసించొద్దు అంటాడు. ఈర్ష్య, కోపం, క్రూరత్వం, తొందరపాటు, బద్ధకం, అలసట, ఇవుంటే న్యాయం చేయలేరు అంటాడు. అలసట కూడా! రాత్రంతా బండి నడిపి పొద్దున్న ఆఫీసులో ఒక కాగితం కోసం నిలబడ్డ రోజున నాకు ఈ వరసే గుర్తొచ్చింది. కౌంటరులో ఉన్నాయన మొహంలో కూడా అలసటే కనబడింది, ఎవరినని ఏం లాభం.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున అందరికీ వినిపించాలని అందులోనే ఉంది. తిష్య అంటే మన పుష్యమి. మధ్యలో ఇతర రోజుల్లో కూడా వినిపించొచ్చు, ఒక్కడు ఉన్నా వినిపించొచ్చు. అంటే జనం అక్కడ నిలబడి విన్నారు. చదవడం రాకపోవడం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కాబట్టి అమ్మా, మీరు చేయాల్సింది ఇది. తెలుగు అనువాదం ప్రింటు తీయించుకుని వెళ్ళండి. ఆ బండ ముందు నిలబడి మీవాడి చేత గట్టిగా చదివించండి. అత్తయ్యగారు, మీవారు వింటారు. ఒక మాస్టారు నన్ను నిలబెట్టి అలాగే వినిపించారు. ఫొటోలో అది రాదండీ.

మీవాడి ప్రశ్నకి రెండు జవాబులు. "మన దగ్గర ఒక్కటీ లేదా" అన్నాడు కదా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, జౌగడ రెండూ మద్రాసు వాళ్ళ గంజాం జిల్లాలోనే ఉండేవి. గీత మన తాతల కాలంలో గీశారు, బండ ఎక్కడికీ కదల్లేదు. మీ విజయనగరం మాత్రం అప్పట్లో వైజాగపటం జిల్లా, మీవాడికి ఆ సంగతి కూడా చెప్పండి.

రెండోది ఇంకా ముఖ్యం. పాఠంలో వాడు చదివింది కళింగ యుద్ధం గురించి అయ్యుంటుంది. లక్ష మంది చచ్చిపోయారు, లక్షా యాభై వేల మందిని పట్టుకుపోయారు, రాజు పశ్చాత్తాపపడ్డాడు అని. అది అశోకుడి పద్నాలుగు శిలాశాసనాల వరసలో పదమూడోది. జౌగడలో అది లేదు. ఒకటి నుంచి పది దాకా ఉన్నాయి, పద్నాలుగు ఉంది. పదకొండు, పన్నెండు, పదమూడు చెక్కలేదు. ధౌలిలోనూ లేవు. వాటి బదులే ఆ విడి శాసనాలు. దెబ్బ తిన్న ఊళ్ళో ఆ దెబ్బ లెక్క రాయలేదన్నమాట. ఎందుకు రాయలేదో రాజు ఎక్కడా చెప్పలేదు. మాస్టార్లు తలా ఒక మాట అంటారు. గాయం రేపడం ఇష్టం లేక అని ఒకరు, ఇక్కడి జనం ముందు చిన్నబోవడం ఇష్టం లేక అని ఇంకొకరు. నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది. పిల్లాడిని ముందు వెతకమనండి యుద్ధం ఎక్కడ రాసుందో. కాసేపు వెతికాక లేదని చెప్పండి. కారులో తిరిగొచ్చేదాకా వాదిస్తూనే ఉంటాడు.

గుత్తి రోడ్డు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, సీమవాణ్ణి. ఆ పదమూడో శాసనం మా దగ్గర ఉంది! కర్నూలు జిల్లా ఎర్రగుడిలో. గుత్తి నుంచి పత్తికొండ పోయే రోడ్డు మీదే, దిగితే నాలుగడుగులు. పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి, అవి కాక లఘు శాసనాలు కూడా. మీ యుద్ధం గురించి మా రాళ్ళ మీద రాసి మీకు మాత్రం చెప్పకుండా పోయినాడు చూడండి. ఈ తట్టు వస్తే ఆగండి, కానీ మిట్టమధ్యాహ్నం వద్దు, బండలు కాలిపోతాంటాయి.

విజినారం కోడలు

అమ్మో, ఇంత వస్తుందనుకోలేదు! అందరికీ థాంక్స్. మావాడు మొత్తం చదివాడు, "పదమూడు లేదా?" అని అప్పుడే మొదలెట్టాడు. మావారు కూడా కాస్త మెత్తబడ్డారు గానీ జౌగడ ఎంత దూరమో చెప్పమంటున్నారు. ఇంకోటి, యూట్యూబ్‌లో ఒకాయన శాసనం మీద చాక్‌పీసు రుద్ది అక్షరాలు తెల్లగా కనబడేట్టు చేశాడు. టార్చి కంటే అది సులువు కదా, చేయొచ్చా? సాలిహుండం కూడా దారిలోనే ఉందని మా తమ్ముడు అంటున్నాడు.

నరసన్నపేట టాక్సీ

చాక్‌పీసు వద్దు తల్లీ. చాకే కాదు, పిండి, పసుపు, నూనె, నీళ్ళు ఏవీ వద్దు. సుద్ద సందుల్లో కూరుకుపోతుంది, తుడవబోతే అంచు అరుగుతుంది. పైగా కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చదివేవాళ్ళు చేసే పద్ధతి వేరు. అనుమతి తెచ్చుకొని, రాయి శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, గట్టి బ్రష్షుతో మెల్లగా కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక సిరా అద్దిన దూది మూటతో పైపైన తడతారు. రాయంతా నలుపు, అక్షరం తెలుపు. ఎండలో ఆ కాగితం రాయి నుంచి ఊడదీసేటప్పుడు చూడాలి, అంత మంది మాస్టార్లూ ఊపిరి బిగబట్టి నిలబడతారు. మనకి టార్చి చాలు.

సాలిహుండం మంచి చోటే. 1919లో దాన్ని వెలుగులోకి తెచ్చింది కూడా గిడుగువారే. స్తూపాలున్నాయి, తవ్వకాల్లో రాతలున్న కుండపెంకులు దొరికాయి, పైనుంచి వంశధార బాగా కనబడుతుంది. కానీ శాసనాల కోసం వెళ్ళే చోటు కాదది. మెట్లెక్కాలి. అత్తయ్యగారు కింద మ్యూజియం చూసి కూర్చోగలనంటే పెట్టుకోండి.

జౌగడ బరంపురానికి ఉత్తరంగా 35 కిలోమీటర్లు, పురుషోత్తంపూర్ వైపు. రుషికుల్య నది దగ్గర్లోనే పాత కోట మట్టికట్టలుంటాయి, ఆ లోపలే బండ. బండకి పైకప్పు, చుట్టూ కటకటాలు ఉన్నాయి. మొదటి పలక చాలా మటుకు పొరలుగా ఊడిపోయింది, అది చూసి నిరాశపడకండి. పొద్దున్నే బరంపురంలో టిఫిన్ చేసి, నీళ్ళు పట్టుకొని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఆడపడుచుగారింటికి వచ్చేస్తారు. అక్కడ ఊళ్ళోవాళ్ళకి ఒడియా, కొందరికి తెలుగు కూడా వస్తుంది. "అశోక బండ" అని అడిగితే చూపిస్తారు. అత్తయ్యగారి కోసం కారులో చిన్న మడత కుర్చీ ఒకటి వేసుకోండి.